టోఫు రుచిగా రావాలంటే ముందు నీళ్ల సంగతి చూడండి

సోయా పాలను విరిచి పనీర్‌లా చేసే టోఫును ఒకసారి వండి, చప్పగా ఉందని మళ్లీ ఆ జోలికి పోనివాళ్లు చాలామంది ఉంటారు. ప్యాకెట్ కత్తిరించి, ముక్కలు కోసి, ఉడుకుతున్న గ్రేవీలో వేసేస్తే ఎవరికైనా అలాగే వస్తుంది. గ్రేవీ ఎంత ఘాటుగా ఉన్నా ముక్క కొరికితే లోపల నీళ్ల రుచే తగులుతుంది. నేనూ మొదట్లో అలాగే వండాను. మసాలా చాలలేదేమో అనుకుని రెండోసారి రెట్టింపు వేశాను. గ్రేవీ మండిపోయింది, టోఫులో మాత్రం ఏ మార్పూ లేదు.

లోపం మసాలాలో లేదు. గట్టి టోఫులో కూడా బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీళ్లే. మెత్తటి రకంలో అయితే 90 శాతానికి దగ్గరగా ఉంటాయి. రుచి చేరాల్సిన చోటంతా నీళ్లతో నిండి ఉంటే మనం వేసిన ఉప్పూ కారమూ ఎక్కడికి వెళ్తాయి? ఆ నీళ్లే వేగకుండా కూడా అడ్డుపడతాయి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆహారం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. పైన తడి ఉన్నంతసేపూ ముక్క ఆ వేడిని అందుకోదు. పెనం మీద ఎంతసేపు ఉన్నా ఉడుకుతుందే గానీ వేగదు.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు నీళ్లు తీయాలి, తర్వాత ఉప్పు పట్టించాలి, తర్వాత వేయించాలి, అన్నిటికంటే చివర సాస్. ఈ వరుస తప్పితే ఎంత మంచి సాస్ కలిపినా వృథా. పెరుగులా మెత్తగా ఉండే సిల్కెన్ టోఫుకు మాత్రం దారి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఏ రకం కొనాలి

నిమ్మరసంతో పాలు విరిచినట్టే సోయా పాలను విరిచి టోఫు చేస్తారు. సోయా గింజలు నానబెట్టి, రుబ్బి, కాచి, పిప్పి వడకట్టేస్తే పాలు వస్తాయి. వాటిని విరవడానికి ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం. రెండోది నిగారి. సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసేశాక మిగిలే ద్రవం ఇది, అందులో ప్రధానంగా ఉండేది మెగ్నీషియం క్లోరైడ్. విరిగిన ముద్దను గుడ్డ పరిచిన పెట్టెలో పోసి, పైన బరువు పెడితే దిమ్మ తయారవుతుంది. ఎంత నొక్కితే అంత గట్టి టోఫు. సిల్కెన్ టోఫును మాత్రం నొక్కరు. పాలను డబ్బాలోనే పెరుగులా తోడుకోనిస్తారు. అందుకే అది అంత నున్నగా, వణుకుతూ ఉంటుంది.

వేయించడానికి, కూరలో ముక్కలుగా వేయడానికి ప్యాకెట్ మీద ఫర్మ్ లేదా ఎక్స్‌ట్రా ఫర్మ్ అని ఉన్నది తీసుకోండి. మొదటిసారి వండేవాళ్లు ఎక్స్‌ట్రా ఫర్మ్‌తో మొదలుపెట్టడం మంచిది. చితికిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు, నొక్కే పని కూడా తగ్గుతుంది. ఒక తయారీదారు ఫర్మ్ అన్నది ఇంకొకరి దగ్గర సాఫ్ట్‌లా ఉండొచ్చు. ఇంటికి తెచ్చాక వేలితో మెల్లగా నొక్కి చూడండి. వేలు తీయగానే గుంట పూడిపోతే వేయించడానికి పనికొస్తుంది. వేలు దిగబడి గుంట అలాగే ఉండిపోతే దాన్ని సూప్‌లకు, చిదిమి వండే వంటలకు ఉంచుకోండి.

నీళ్లు తీయడం

దీనికి మూడు దారులున్నాయి. మూడూ ఒకసారి చేసి చూడండి, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో రకం ముక్కను ఇస్తుంది.

మొదటిది అందరికీ తెలిసినది, బరువు పెట్టడం. ప్యాకెట్‌లో నీళ్లు పారబోసి, దిమ్మను ఒకసారి కడిగి, పొడి గుడ్డలో రెండు చుట్లు చుట్టండి. అంచున్న పళ్లెంలో పెట్టి, పైన చదునైన పలక లేదా ఇంకో పళ్లెం బోర్లించి, దాని మీద సుమారు 2 కిలోల బరువు ఉంచండి. నీళ్లు నింపిన గిన్నె చాలు. 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. తొందరపడి 5 కిలోల బరువు పెడితే పక్కలు పగిలి దిమ్మ నలిగిపోతుంది. దిమ్మ మందంగా ఉంటే ముందే అడ్డంగా రెండు పలకలుగా కోసి పక్కపక్కన పెట్టి నొక్కండి. నీళ్లకు దూరం తగ్గుతుంది కాబట్టి పని సగం సేపట్లో అవుతుంది. మధ్యలో గుడ్డ తడిసి ముద్దయితే మార్చండి. తడి గుడ్డ ఇక నీళ్లు పీల్చుకోదు.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, వేడి ఉప్పునీళ్లలో నానబెట్టడం. నీళ్లు తీయడానికి నీళ్లలో వేయడమేమిటని మీకు అనిపించవచ్చు. చేసి చూస్తే మీరే ఒప్పుకుంటారు. అర లీటరు నీళ్లు మరిగించి రెండు టీస్పూన్ల ఉప్పు కలపండి. ముక్కలు కోసిన టోఫును వెడల్పు గిన్నెలో పరిచి, అవి మునిగేలా ఆ నీళ్లు పోయండి. 15 నిమిషాలు ఆగి, వంపేసి, పొడి గుడ్డ మీద ఒక్కో ముక్కా విడివిడిగా పరచండి. వేడికి ముక్క పైభాగం కాస్త బిగుసుకుని పట్టి ఉంచిన నీళ్లు వదులుతుంది. బయటికి తీశాక ఆ వేడికే పైతడి గబగబా ఆరిపోతుంది. దీంతోపాటు ఉప్పు లోపలికి కొంత దిగుతుంది, ప్యాకెట్ నీళ్ల పచ్చి వాసన పోతుంది. బరువు పెట్టే పద్ధతిలో ఈ రెండు లాభాలూ ఉండవు. ఆరడానికి పది నిమిషాలు ఇవ్వండి. ముక్క పైభాగాన్ని వేలితో తాకితే చల్లగా, జారుడుగా కాకుండా కొంచెం పట్టినట్టు అనిపించాలి. అప్పుడు అది పెనానికి సిద్ధం.

మూడోది గడ్డకట్టించడం. ప్యాకెట్‌ను అలాగే రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. లోపలి నీళ్లు మంచు పలుకులవుతాయి. నీళ్లు గడ్డకడితే వ్యాకోచిస్తాయి కదా, ఆ పలుకులు పక్కనున్న ప్రొటీన్‌ను నెట్టి గదులు గదులుగా చేస్తాయి. మర్నాడు బయటికి తీస్తే దిమ్మ పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. పాడైందేమోనని పారేయకండి, కరిగితే మళ్లీ తెల్లబడుతుంది. ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచి కరగనివ్వండి. పూర్తిగా కరిగాక రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే స్పాంజిని పిండినట్టు నీళ్లు ధారగా కారతాయి. ఇక ఆ ముక్క నున్నగా ఉండదు. సాగుతూ, నమిలేందుకు కండ ఉన్నట్టుగా ఉంటుంది. ఫ్రీజర్లు లేని కాలంలోనే జపాన్ కొండ ప్రాంతాల్లో చలికాలపు రాత్రుళ్లు టోఫును ఆరుబయట గడ్డకట్టించి, ఎండబెట్టి దాచుకునేవారు. ఇప్పటికీ దాన్ని కోయా కొండ పేరు మీద కోయా-దోఫు అంటారు.

పులుసులా పల్చగా, రసం ఎక్కువగా ఉండే కూరలకు గడ్డకట్టించిన టోఫు సరైనది. వేపుడుకు ఉప్పునీళ్లలో నానినది బాగుంటుంది. బరువు పెట్టింది రెండింటికీ పనికొస్తుంది.

కోయడమా, చింపడమా

పెనం మీద వేయించాలంటే ఒకటిన్నర సెంటీమీటరు మందాన పలకలుగా కోయండి. ఘనాలుగా కోస్తే ఆరు వైపులు వేయించాలి, ఎంత ఓపికున్నా రెండు మూడు వైపులతో ఆపేస్తాం. పలకలైతే తిప్పేది ఒక్కసారే. వేగాక కావాలంటే ముక్కలుగా కోసుకోవచ్చు.

సాస్ బాగా అంటుకోవాలంటే మాత్రం కత్తి పక్కన పెట్టి చేత్తో చింపండి. కత్తితో కోసిన ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది, సాస్ జారిపోతుంది. చింపిన ముక్కకు ఎగుడు దిగుళ్లుంటాయి. ఆ అంచులే ముందుగా ఎర్రబడి కరకరలాడతాయి, గుంటల్లో సాస్ నిలుస్తుంది. ప్లేటులో చూడ్డానికి అంత అందంగా ఉండకపోవచ్చు, తినేటప్పుడు తేడా తెలుస్తుంది.

నానబెట్టే మసాలా గురించి

టోఫును రాత్రంతా మసాలాలో నానబెట్టండి అని చాలాచోట్ల చెబుతారు. నేను దాన్ని అంతగా నమ్మను. మామూలు టోఫులో ఆ మసాలా లోపలికి వెళ్లేది చాలా తక్కువ. ఉప్పు, సోయా సాస్ లాంటివి నీళ్లలో కరుగుతాయి కాబట్టి నెమ్మదిగా కొంత దిగుతాయి. వెల్లుల్లి, మిరియాలు, కారం పైపైనే ఉండిపోతాయి. నూనె కలిపితే ఇంకా నష్టం. నీళ్లతో నిండిన ముక్కలోకి నూనె దిగదు, పైన పొరలా పరుచుకుని ఉప్పుకు కూడా అడ్డమవుతుంది. పైగా నానిన ముక్క తడిగా ఉంటుంది కాబట్టి పెనం మీద వేగదు, అంటుకున్న వెల్లుల్లి మాత్రం మాడి చేదెక్కుతుంది.

అందుకే ఉప్పు ముందు పట్టించి, మిగతా రుచులన్నీ వేగాక సాస్ రూపంలో చేర్చండి. గడ్డకట్టించి పిండిన టోఫుకు ఈ మాట వర్తించదు. అది నిజంగానే స్పాంజి. పలుచటి మసాలా నీళ్లలో వేస్తే అరగంటలో లోపలిదాకా పీల్చుకుంటుంది.

పెనం మీద వేయించడం

అసలు పని ఇక్కడుంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

400 గ్రాముల టోఫుకు రెండు టేబుల్‌స్పూన్ల కార్న్‌ఫ్లోర్ తీసుకోండి. ఉప్పునీళ్లలో నానబెట్టకపోతే అర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ మిరియాల పొడి కలపండి. ఆరిన ముక్కల మీద జల్లెడతో గానీ వేళ్లతో గానీ పిండిని పలచగా చల్లి, గిన్నెను అటూ ఇటూ ఆడించండి. గరిటె పెట్టి కలిపితే ముక్కలు విరుగుతాయి. పిండి పైన సన్నని పొడి పొరలా కనపడాలి. ముద్దలు కట్టి తడిగా కనపడితే ముక్కలు ఇంకా ఆరలేదన్నమాట. మళ్లీ గుడ్డ మీద పరచండి, ఇంకా పిండి మాత్రం వేయకండి. పైనున్న కొద్దిపాటి తడిని పిండి పీల్చుకుని, నూనెలో వేగి, గట్టి పెచ్చులా మారుతుంది. ఆ పెచ్చే తర్వాత సాస్‌ను పట్టుకుంటుంది. బంగాళాదుంప పిండి దొరికితే ఇంకా కరకరలాడుతుంది. పిండి లేకుండానూ వేయించుకోవచ్చు. అప్పుడు పెచ్చు పలచగా, టోఫు రుచి ఎక్కువగా ఉంటుంది.

వెడల్పు పెనాన్ని మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద పెట్టండి. ఇనుప పెనమైనా స్టీలు పెనమైనా ముందు ఖాళీగా వేడెక్కనివ్వాలి, తర్వాత రెండు మూడు టేబుల్‌స్పూన్ల నూనె పోయాలి. నూనె నీళ్లలా పలచబడి మెరుస్తూ కదిలితే వేడి చాలినట్టు. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా వేడి చేయకండి, నూనె పోసే వేడి చేయండి. ఒక ముక్క మూల ముంచి చూడండి. వెంటనే సన్నని బుడగలతో చిటపటమనాలి. చప్పుడు రాకపోతే ఇంకాస్త ఆగండి.

ముక్కల మధ్య వేలెడు సందు వదలండి. పెనం నిండా కుక్కితే ముక్కల్లోంచి వచ్చే ఆవిరి బయటికి పోలేక వాటినే ఉడికిస్తుంది. అన్నీ పట్టకపోతే రెండు వాయిలుగా వేయించండి. మూత పెట్టకండి.

ఇక కదపకండి. చాలామంది దగ్గర చెడేది ఇక్కడే. అడుగంటుతుందేమోనని అట్లకాడతో గీకుతూ ఉంటారు, అలా గీకడం వల్లే ముక్క పెచ్చు పెనానికి అంటుకుపోతుంది. వేగుతున్న ముక్క మొదట్లో పెనాన్ని పట్టుకుంటుంది. పెచ్చు కట్టాక తనంతట తానే వదులుతుంది. నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టండి. తర్వాత ఒక ముక్క అంచు కింద అట్లకాడ పెట్టి చూడండి. సులువుగా లేస్తే తిప్పండి, లేవకపోతే ఇంకో నిమిషం ఆగండి. చెవి కూడా సాయం చేస్తుంది. మొదట్లో చప్పుడు పెద్దగా, తడిగా వినిపిస్తుంది. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ సన్నబడి, సద్దుమణుగుతుంది. ముక్క ఎర్రబడుతోందనడానికి అది గుర్తు.

రెండో వైపు మూడు నాలుగు నిమిషాలు చాలు. తీసేసి జాలీ మీదో జల్లెడలోనో పెట్టండి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆవిరికి పెచ్చు మెత్తబడుతుంది.

సాస్

టోఫుకు సొంత రుచి ఉంది, పాలమీగడలా, పచ్చి గింజలా లేతగా ఉంటుంది. దానికి తోడు కావాల్సినవి ఉప్పు, పులుపు, కాస్త తీపి, ఇంకా ఉమామి, అంటే మాంసపు రసంలో ఉండేలాంటి నోరూరించే కమ్మటి రుచి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునె ఇకెడా సముద్రపు నాచు కాచిన నీళ్లలోంచి ఈ రుచినిచ్చే గ్లూటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. సోయా సాస్, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, ఎండబెట్టిన పుట్టగొడుగులు, బాగా మగ్గిన టమాటా, వీటన్నిటిలో ఆ రుచి దండిగా ఉంటుంది. చప్పటి టోఫుకు ఇవి అంత బాగా కుదిరేది అందుకే.

పైన చెప్పిన 400 గ్రాములకు ఒక గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్ లేదా నిమ్మరసం, రెండు టీస్పూన్ల పంచదార, నాలుగు టేబుల్‌స్పూన్ల నీళ్లు, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి పెట్టుకోండి. టేబుల్‌స్పూన్ సోయా సాస్‌లోనే దాదాపు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. కాబట్టి విడిగా ఉప్పు వేయకండి. ముక్కలు ఉప్పునీళ్లలో నానినవైతే సోయా సాస్ ఒకటిన్నర టేబుల్‌స్పూన్‌కు తగ్గించండి.

ముక్కలు తీసిన పెనంలోనే ఒక టేబుల్‌స్పూన్ నూనె ఉంచి, మంట తగ్గించి, నాలుగు వెల్లుల్లి రెబ్బల తురుము, అంగుళం అల్లం తురుము, రెండు ఎండుమిర్చి తుంచి వేయండి. అర నిమిషంలో వాసన వస్తుంది. వెల్లుల్లి ఎర్రబడేదాకా ఆగొద్దు. అడుక్కి దిగిన పిండిని మళ్లీ కలిపి సాస్ పోయండి. బుడగలు వచ్చి, మబ్బుగా ఉన్నది మెరుస్తూ చిక్కబడగానే టోఫు వేసి, అర నిమిషం పాటు పెనాన్ని కుదుపుతూ కలిపి దించేయండి. చివర ఒక టీస్పూన్ నువ్వుల నూనె, గుప్పెడు తరిగిన ఉల్లికాడలు.

అర నిమిషం అన్నది లెక్కగానే చెప్పాను. సాస్‌లో ఐదు నిమిషాలు ఉడికిస్తే అంత కష్టపడి కట్టించిన పెచ్చు నానిపోతుంది. తినేవాళ్లు కూర్చున్నాకే ఈ చివరి పని చేయండి. కూరగాయలు కలపాలనుంటే వాటిని వేరుగా వేయించుకుని, సాస్‌తో పాటు కలపండి. టోఫుతో కలిపి ఒకేసారి వేయిస్తే వాటి నీరు టోఫుకు పడుతుంది.

ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, నూనెలో ముంచి

నలుగురికి మించి వండాలంటే ఓవెన్ సులువు. పిండి పట్టించిన ముక్కలకు ఒక టేబుల్‌స్పూన్ నూనె రాసి, 200 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. ఎయిర్ ఫ్రయర్‌లో 190 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, రెండుసార్లు బుట్ట కుదపండి. రెండింటిలోనూ ముక్క కాస్త ఎండినట్టు వస్తుంది, కాబట్టి సాస్ కొంచెం ఎక్కువగా చేసుకోండి.

నూనెలో ముంచి వేయించాలంటే 175 నుంచి 180 డిగ్రీల వేడిలో నాలుగు నిమిషాలు. ముక్క తడిగా ఉంటే నూనె ఎగిరి చేతుల మీద చిమ్ముతుంది. ఇక్కడ ఆరబెట్టడం రుచి కోసమే కాదు, మీ క్షేమం కోసం కూడా. బాణలిలో సగానికి మించి నూనె పోయకండి.

గ్రేవీలో వేయాలంటే

గడ్డకట్టించి పిండిన టోఫును చేత్తో చింపి, ఉడుకుతున్న గ్రేవీలో వేసి, సన్నని మంట మీద 15 నిమిషాలు ఉంచండి. గ్రేవీ మామూలుకంటే పలచగా, ఉప్పు ఒక పాలు ఎక్కువగా ఉండాలి. ముక్కలు రసాన్ని లాగేసుకుంటాయి కాబట్టి అది ఎలాగూ చిక్కబడుతుంది. దించాక పది నిమిషాలు అలాగే వదిలేస్తే ఇంకా బాగుంటుంది. కొరికినప్పుడు లోపలినుంచి గ్రేవీ ఊరుతుంది. మొదట్లో నేను మసాలా రెట్టింపు చేసి సాధించలేకపోయింది, రాత్రి ఫ్రీజర్‌లో పెట్టడంతో కుదిరింది.

గడ్డకట్టించే సమయం లేకపోతే, వేయించిన ముక్కలను దించే ముందు రెండు మూడు నిమిషాలు గ్రేవీలో వేయండి. పచ్చి ముక్కలు మాత్రం వేయకండి.

చిదిమి వండడం

దిమ్మ విరిగినా, రకం మెత్తగా వచ్చినా దిగులు పడక్కర్లేదు. గుడ్డలో వేసి పిండి, వేళ్లతో శనగగింజలంత పలుకులుగా చిదిమేయండి. వెడల్పు పెనంలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె వేసి, మూత లేకుండా, మధ్యస్థ మంట మీద పది పన్నెండు నిమిషాలు వేయించండి. మొదటి ఐదు నిమిషాలు ఆవిరే వస్తుంది, ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ తర్వాత అంచులు ఎర్రబడడం మొదలవుతుంది. అప్పుడు సోయా సాస్, కారం, వేయించిన ఉల్లిపాయ ముక్కలు కలపండి. రొట్టెల్లో చుట్టుకోవడానికి, అన్నం మీదికి, నూడుల్స్‌లోకి బాగుంటుంది.

గుడ్డు పొరటులా మెత్తగా కావాలంటే అంతసేపు వేయించొద్దు. పావు టీస్పూన్ పసుపు వేసి, నీరు ఇగిరేదాకా మూడు నాలుగు నిమిషాలు చాలు. దించాక చిటికెడు నల్ల ఉప్పు చల్లండి. అందులోని గంధకపు సమ్మేళనాల వల్ల అచ్చం గుడ్డు వాసన వస్తుంది. పొయ్యి మీద ఉండగానే వేస్తే ఆ వాసన చాలావరకు ఎగిరిపోతుంది.

సిల్కెన్ టోఫు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇక్కడ మర్చిపోండి. దీన్ని నొక్కకూడదు, పిండకూడదు. దీని అందం ఆ నీళ్లలోనే ఉంది. పెరుగు తరకలా నాలుక మీద జారిపోవాలి. రుచి దానిలోకి పంపే ప్రయత్నం చేయకుండా, చుట్టూ పోసి, రెండూ కలిపి చెంచాతో తినాలి.

డబ్బాలోంచి విరగకుండా తీయడానికి ఒక పద్ధతి ఉంది. పై పొర తీసి, అంచుల చుట్టూ కత్తి తిప్పండి. పళ్లెంలోకి బోర్లించి, డబ్బా అడుగు మూలను కత్తెరతో చిన్నగా కత్తిరించండి. గాలి లోపలికి వెళ్లగానే దిమ్మ మొత్తంగా జారి పడుతుంది. పది నిమిషాలు ఆగి, ఊరిన నీళ్లు వంపేయండి.

అన్నిటికంటే సులువైనది చల్లగా తినడం. జపాన్‌లో వేసవిలో చల్లటి టోఫు మీద అల్లం తురుము, ఉల్లికాడలు, సోయా సాస్ వేసుకుని తింటారు, దాన్ని హియయక్కో అంటారు. పొయ్యి వెలిగించే పనే లేదు. అక్కడ 1782లోనే ఒక్క టోఫుతోనే చేసే 100 వంటకాలతో ఒక పుస్తకం అచ్చయింది. టోఫును చప్పటిదని తీసిపారేయకుండా అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఉన్నారన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

వేడిగా కావాలంటే పళ్లెంతో పాటే ఎనిమిది పది నిమిషాలు ఆవిరి మీద ఉంచి, నీళ్లు వంపి, సోయా సాస్ పోసి, పైన తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు, మిరప తునకలు పరచండి. రెండు టేబుల్‌స్పూన్ల నూనెను పొగ రాబోయే దాకా కాచి వాటి మీద పోయండి. సుయ్యిమంటూ వచ్చే ఆ వాసనకే ఆకలి వేస్తుంది.

చైనాలో సిచువాన్ ప్రాంతపు చెంగ్దూ నగరం నుంచి వచ్చిన మాపో టోఫు గురించి ఒక్క మాట. పులియబెట్టిన గింజలూ మిరపకాయల ముద్ద, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాలు దానికి ప్రాణం. దానికి మెత్తటి టోఫును రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ముందు సన్నగా ఉడుకుతున్న ఉప్పునీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. అలా చేస్తే ముక్క వేడెక్కి, కొంచెం బిగిసి, సాస్‌లో చితకదు. సాస్‌లో వేశాక గరిటెతో కలపొద్దు, గరిటె వీపుతో మెల్లగా ముందుకు నెట్టండి. నీళ్లలో కలిపిన పిండిని ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా పోయండి. ఒకేసారి పోస్తే సాస్ ముద్ద కడుతుంది. కొద్దికొద్దిగా పోస్తే ముక్కల నున్నటి ఒంటికి కూడా అంటుకుంటుంది.

నిల్వ

తెరిచిన ప్యాకెట్‌లో మిగిలిన ముక్కను మూత ఉన్న డబ్బాలో, మునిగేలా మంచినీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజూ నీళ్లు మార్చితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. పుల్లటి వాసన వచ్చినా, పైన జిగటగా ఉన్నా పారేయండి. వేయిస్తే సరిపోతుందిలే అనుకోవద్దు. అన్ని రోజుల్లో వండరని అనిపిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి, గ్రేవీకి పనికొస్తుంది. ఎవరికైనా వడ్డించే ముందు సోయా అలర్జీ ఉందేమో అడగండి. ఇది కొందరికి గట్టిగానే పడదు.

వేయించిన ముక్కలు మిగిలితే సాస్ కలపకుండా విడిగా దాచుకోండి. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడి సాగుతాయి. నూనె లేని పొడి పెనం మీద వైపుకు రెండు నిమిషాల చొప్పున వేడి చేస్తే పెచ్చు మళ్లీ గట్టిపడుతుంది. సాస్ మాత్రం అప్పటికప్పుడు కొత్తగా చేసుకోండి, ఐదు నిమిషాల పనే.